పాప్పాత్తి నాలుక

పొద్దున ఇడ్లీపిండి గిన్నెలు కడిగి బోర్లించి, పాప్పాత్తి అరుగు మీదికి వచ్చేసరికి నలుగురైదుగురు నిలబడి ఉండేవారు. గాంధీపురం బస్టాండు వెనక సందు అది. కాంగేయం చేలల్లో దొరికిన రాళ్లను రుమాళ్లలో మూటగట్టుకుని వచ్చేవారు. ఆమె ఒక్కో రాయినీ కడిగి నాలుక మీద పెట్టుకునేది. జాతిరాయైతే నోరు తియ్యనయ్యేది, ఉత్తదైతే చేదెక్కేది. కళ్లద్దాల కోసం డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు జనం వచ్చి, ఆమె చెప్పింది విని, బస్సెక్కి పోయేవారు.

ఆ మంగళవారం చెల్లప్ప ఆటోలో వచ్చినాడు. వెనక వీధి మనిషే. నూలుమిల్లులో పత్తిదుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైపోయినాయి. కూతురు మధుమిత రెక్క పట్టుకుని దింపింది.

అతని దగ్గర రాయుందని అందరికీ తెలుసు. వయసులో బావి తవ్వే పనికి పోయినప్పుడు దొరికింది. ఏడు గుడ్డలు చుట్టి పెట్టెలో దాచినాడు. భార్య కల్యాణసుందరి గుండెజబ్బుతో మంచం పట్టి, "అది అమ్మి నన్ను బతికించయ్యా" అని బతిమాలినా తీయలేదు. ఇంకొన్నాళ్లాగితే ఇంకా మంచి ధర పలుకుతుందని నమ్మినాడు. ఆమె పోయి తొమ్మిదేళ్లు.

చెల్లప్ప ఒక్కో గుడ్డా విప్పి రాయి అందించినాడు.

"చూసి చెప్పు పాప్పాత్తీ. ఇంక నాకు టైమ్ లేదు."

నాలుక మీద పెట్టుకోగానే గొంతు దాకా చేదు పాకింది. వేపాకు నమిలినట్టుంది. పాప్పాత్తి అతని ఎండిన మొహం చూసింది. పోయే మనిషి, సంతోషంగా పోనీ అనుకుంది.

"తియ్యగుందన్నా. చక్కెర మాదిరి."

చెల్లప్ప నవ్వలేదు. అరుగు అంచు పట్టుకుని అక్కడే కూలబడినాడు.

"నిజమేనా?"

"నిజమే."

"చేదంటావనుకొని వచ్చినా తల్లీ" అన్నాడు. "ఉత్త రాయైతే కల్యాణిని నేను చంపనట్టే గదా? అమ్మినా ఏమీ వచ్చేది కాదు గదా? ఆ ఒక్క మాట విని పోదామని వచ్చినా."

పాప్పాత్తి వంగి అతని చెయ్యి పట్టుకుంది. "అన్నా, అబద్ధం చెప్పినా. చేదే. నీ మనసు నొచ్చుకుంటుందని..."

"వేణాం, వద్దమ్మా." అతను చెయ్యెత్తి ఆపినాడు. "ఇప్పుడు చెప్పేదే అబద్ధం, నా మనసు కోసం. నీ నాలుక ఏనాడన్నా తప్పు చెప్పిందా?"

సందులో నిలబడినవాళ్లందరూ తలలూపినారు. ఏనాడూ చెప్పలేదు.

మధుమిత ఆటోలో తండ్రిని ఎక్కిస్తూ వెనక్కి తిరిగి, "అత్తా, ఏది నిజం?" అంది. పాప్పాత్తి మళ్లీ "చేదే" అంది. ఆ పిల్ల కూడా నమ్మలేదు.

బుధవారం ఆసుపత్రిలో ముక్కుకు పెట్టిన గొట్టాన్ని చెల్లప్ప తనే లాగేసుకున్నాడట. నర్సు మళ్లీ పెడితే మళ్లీ తీసేసినాడు. గోడవైపు తిరిగి, "అమ్మేసుంటే అయిపోయేది కల్యాణీ" అని అంటూనే ఉన్నాడట. శుక్రవారం పోయినాడు.

శనివారం పాప్పాత్తి అరుగు మీద కూర్చుంది. ఆండిపట్టి నుంచి వచ్చిన ఒక ముసలామె పచ్చటి రాయి చేతిలో పెట్టింది. పాప్పాత్తి నాలుక మీద పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది. తీసి, కడిగి, మళ్లీ పెట్టుకుంది.

"ఏమ్మా?" అంది ముసలామె ఆశగా.

పాప్పాత్తి రాయిని పమిటతో తుడిచి తిరిగి ఇచ్చేసింది.

"నాకు తెలియడం లేదవ్వా. ఇంక ఎవరినీ ఇక్కడికి పంపొద్దు" అని లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.