ఎలుక కాళ్ల దగ్గర గురి

వంటింటి వెనక కొబ్బరిచెట్టును కొట్టించేయాలని మా అత్తగారు గౌరమ్మ తేల్చి చెప్పిన రోజున ఆకాశంలో మబ్బు కూడా లేదు. పెంకుల మీద ధబ్బుమని ఒక పచ్చికాయ పడి, దొర్లుకుంటూ వచ్చి నూతి గట్టు దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని ఎత్తి నా ముందు పెట్టారు. తొడిమ పక్కన రూపాయి బిళ్లంత బొక్క. లోపల నీళ్లు లేవు, లేత కొబ్బరి లేదు.

"సన్యాసిరావుకి కబురెట్టండి బాబూ. ఈ సెట్టు కొట్టీమందాం."

"పచ్చగా ఉంది కదత్తా."

"పచ్చగా ఉంటే సాలా? నా పిల్ల నాటిన సెట్టు ఊళ్లో ఎలకలన్నిటికీ అన్నం పెడతన్నాది. నాకు మాత్రం ఒక్క కాయ లేదు. రోజూ ఇది సూత్తూ కూకోలేను."

ఆ చెట్టు నా భార్య పైడమ్మ కాపురానికి వచ్చిన ఏడాది నాటింది. తొంభై తొమ్మిది తుఫానులో మా పెరటి చెట్లు, పక్కవాళ్ల చెట్లు అన్నీ మొదళ్లతో సహా పోగా ఇదొక్కటే నిలబడింది. ఆ తర్వాత రెండేళ్లకు పైడమ్మ పోయింది. కూతురు పోయినా అత్తగారు మా ఇంట్లోనే ఉండిపోయారు. ఉండమని నేను అడగలేదు, వెళ్తానని ఆవిడ అనలేదు. పొద్దున్నే పొయ్యి మీద ఇద్దరికి సరిపడా టీ మరిగేది. ఆ రోజుల్లో నాకు అదే పెద్ద ఆసరా.

తోటలు పడిపోయాక ఎలుకలకు మిగిలిన మేడ ఈ చెట్టే. చెట్టు తలన మొవ్వులో మట్టల మధ్య గూళ్లు కట్టుకుని అక్కడే పిల్లలు పెట్టాయి. మానుకు రేకు చుట్టించాను. కిందివి పైకి ఎక్కడం మానేశాయి గాని, పైన కాపురం ఉన్నవి ఎందుకు దిగుతాయి? తిండి ఇంట్లోనే ఉంది. మందు పెడదామంటే చెట్టు కిందే మేం తాగే నూయి. మందు తిన్న ఎలుక అందులో పడదని ఎవరూ చెప్పలేరు.

చెట్లెక్కే సన్యాసిరావు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఇప్పుడు పనులున్నాయమ్మా. దీపావళికి ముందొచ్చి కొట్టీత్తాను," అన్నాడు.

అత్తగారు పైకి చూశారు. అన్నిటికంటే కింద ఒక గెల సగం ముదిరి ఉంది. ఆ చెట్టుకి ఎలుకలు ఇంకా పూర్తిగా పాడుచేయనిది అదే.

"సరే బాబూ. మీ మొహం సూసి ఒక మాటంటాను. నువ్వొచ్చేసరికి ఆ గెల ముదిరి నా సేతికొత్తే సెట్టుంటాది సన్యాసీ. లేకపోతే పడతాది."

ఆవిడ ఒక మాటంటే మార్చరు. నేను అటక మీద నుంచి గాలి తుపాకీ దించాను.

విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో కొన్న పాత ఎయిర్ గన్ అది. గొట్టం కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, ఒక సీసపు గుండు పెట్టి మూసి పేల్చాలి. దాంతో అట్టముక్కల్ని తప్ప ఇంకేదీ కొట్టి ఎరగను. పలాస జూనియర్ కాలేజీలో నేను ముప్పై ఏళ్లు చెప్పింది పౌరశాస్త్రం. అందుకే నా బావమరిది ఢిల్లీరావుకు ఫోన్ చేశాను. ఢిల్లీ తప్ప దేశమంతా తిరిగి, పటాలం నుంచి హవల్దారుగా రిటైరై టెక్కలిలో ఉంటున్నాడు. మర్నాడే బస్సు దిగాడు. చంకలో ఒక పొడవాటి పెట్టె.

"ఏట్రా అది?" అన్నారు అత్తగారు.

"స్కోపమ్మా, తుపాకీ మీదెట్టే దుర్భిణి. జబల్‌పూర్ల కొన్నాను. దీంట్లోంచి సూత్తే ఎలక మీసాలు లెక్కెట్టొచ్చు."

"లెక్కలు తరవాత. ముందు కొట్టు."

ఢిల్లీరావు స్కోపును తుపాకీ మీద పట్టీలతో బిగించి, నూతి గట్టు మీద ఇసకమూట పెట్టి, దాని మీద తుపాకీని అదిమిపట్టాడు. కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

"బావా, రోడ్డు మీద లారీ నంబరు తెలుత్తంది. సెట్టు మీద మాత్రం అంతా మసకే."

అది దూరపు గురికి చేసిన స్కోపు. పదిహేను గజాల్లో ఉన్నదాన్ని స్పష్టంగా చూపించదు. అయినా మసకలోనే మట్టిదిబ్బ ముందు పెట్టిన అగ్గిపెట్టెను కొట్టడానికి ప్రయత్నించాడు. గుండు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోయింది. స్కోపు పట్టీల్లో వెనక్కి జారింది. మళ్లీ బిగించాడు. సాయంత్రానికల్లా లోపల గురి చూపే అడ్డగీత తెగి, తలకిందులైన సాలీడులా వేలాడింది.

"మిలట్రీ తుపాకీ మీద పెట్టినా ఏటీ అవలేదు బావా. ఈ పిట్టల తుపాకీకి ఇరిగిపోడమేటి?"

నాకూ మొదట అర్థం కాలేదు. తుపాకీని వదులుగా పట్టుకుని ఒకసారి పేల్చి చూశాను. అది మొదట వెనక్కి తన్నింది, ఆ వెంటనే లోపల స్ప్రింగు చివరికి కొట్టుకుని ముందుకి తన్నింది. పెద్ద తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది. అతని స్కోపుకి ఆ ఒక్క దెబ్బనే తట్టుకునే బలం ఇచ్చారు. ఇది రెండు వైపులా కుదుపుతుంది. ఇలాంటి వాటికి వేరే స్కోపులుంటాయట, మా దగ్గర లేదు.

దాన్ని విప్పేసి, తుపాకీకి పుట్టుకతో ఉన్న గురి గుర్తులు, ముందు మొన, వెనక గాడితోనే మొదలుపెట్టాం. ఇంకో సంగతి కూడా తెలిసింది. అదిమిపడితే ప్రతిసారీ ఒక్కో వైపు పోతుంది. అరచేతి మీద తేలిగ్గా పడుకోబెట్టి, నిద్రపోతున్న పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటే, అది తన కుదుపు తాను కుదుపుకుని గుండును ఒకేచోటికి పంపుతుంది. రెండు రోజుల్లో నేను అగ్గిపెట్టె మీది బొమ్మను కొట్టగలిగాను. ఢిల్లీరావు నన్ను చూసి, "మాస్టారు పటాలంలో సేరాల్సినోడు," అన్నాడు.

ఎలుకల దగ్గర మాత్రం ఆ ముచ్చట సాగలేదు. అవి పొద్దు వాలే వేళ, ఇంకా వెలుగుండగానే మట్టల మీదికి వచ్చేవి. నేను గురిపెట్టి పేలిస్తే ఎలుక తల తిప్పి చూసి, మళ్లీ తన పని చూసుకునేది.

"పైకి పోయేది బరువెక్కి కిందికి జారద్దేటి బావా? ఇంకొంచెం పైకెట్టు," అన్నాడు ఢిల్లీరావు.

సబబుగానే అనిపించింది. పైకి పెట్టాను. ఎలుక ఈసారి తల కూడా తిప్పలేదు. అతను తీసుకుని ఇంకా పైకి పెట్టాడు. వసారాలో నులకమంచం మీద కూర్చున్న అత్తగారు వక్క నములుతూ చూస్తున్నారు.

"మీరిద్దరూ కలిసి సందమావని కొట్టీలా ఉన్నారు. ఆడిని ఒగ్గేయండి, పాపం. ఆడు మీకేటి సేసేడు?"

ఆ వారంలో కింది గెలకు ఒక కాయ పోయింది. ఇలాగే సాగితే సన్యాసిరావు గొడ్డలి వచ్చేనాటికి గెల ఉండదు. నాకు నిద్ర పట్టడం మానేసింది. చెట్టు పోతే అత్తగారు కూడా పొద్దున్న వసారాలో కూర్చోవడం మానేస్తారని, ఆ టీ ఒక్కడికే మరుగుతుందని అనిపించింది.

ఎక్కడ కొట్టాలో అక్కడే గురి సరిచూసుకోవాలని ఆలస్యంగా తట్టింది. సన్యాసిరావును పిలిపించి, బిస్కెట్ల అట్ట మీద బొగ్గుతో సున్నా గీసి, మొవ్వు దగ్గర లావాటి మట్టమొదలుకు కట్టమన్నాను.

"కొట్టీబోయే సెట్టుకి అట్ట కట్టడమేటి బాబూ," అని నవ్వుతూనే ఎక్కి కట్టాడు.

కింది నుంచి సున్నా మధ్యకు గురిపెట్టి కాల్చాను. మళ్లీ మళ్లీ కాల్చాను. అట్ట దించి చూస్తే చిల్లులన్నీ ఒకేచోట ఉన్నాయి, సున్నాకు రెండు వేళ్ల పైన. గుండు జారడం లేదు, ఎక్కువ లేస్తోంది. మేం పైకి పెట్టేకొద్దీ ఇంకా పైనుంచి పోయింది.

అప్పుడే మోటారు వేసి ఉంది. నూతి దగ్గర పైపు పట్టుకుని ఢిల్లీరావుకు చూపించాను. అడ్డంగా పట్టుకుంటే నీటిధార కొంచెం దూరంలోనే వంగిపోతుంది. నిలువుగా పైకి పట్టుకుంటే వంగకుండా తిన్నగా పోతుంది. అడ్డంగా పోయేటప్పుడు గుండు ఎంత వంగుతుందో ఆ మేరకు, అగ్గిపెట్టెను కొట్టే రోజుల్లోనే, మా తుపాకీ గాడిని ఎత్తి సరిచేశాం. పైకి కొట్టేటప్పుడు ఆ వంపు దాదాపు ఉండదు, ఎత్తు మాత్రం మిగిలిపోతుంది.

"అంటే ఎలక కాళ్ల కింద గురెట్టాల," అన్నాడు ఢిల్లీరావు, నెత్తి మీద పడ్డ నీళ్లు తుడుచుకుంటూ.

"అవును."

"ఎలక కాయ మీద కూకుంటే?"

ఎలుక కాయ మీదే కూర్చుంటుంది. అంటే నేను కాపాడాల్సిన కాయ మీదికే గురిపెట్టాలి.

ఆ సాయంత్రం గాలి లేదు. సముద్రం చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అన్నిటికంటే పెద్ద ఎలుక, తోక మీద తెల్లమచ్చ ఉన్నది, పొడుగాటి మట్ట మీదికి వచ్చి కూర్చుంది. దాని వెనక ఖాళీ ఆకాశం. ఆ ఆకాశం కింద పక్కింటి అశ్విని ఎండబెట్టిన జీడిపిక్కలు ఎత్తి బుట్టలో పోస్తోంది.

"కొట్టు బావా," అన్నాడు ఢిల్లీరావు గొంతు తగ్గించి.

తుపాకీ దించేశాను.

"ఏటైంది? ఇంతకన్నా బాగా కూకోదు."

"తప్పితే గుండు ఆ పిల్ల పెరట్లో పడుతుంది. వెనక ఏమీ లేనప్పుడు కొట్టను."

ఎలుక మట్ట దిగి కింది గెల మీదికి వచ్చింది. ఇప్పుడు దాని వెనక లావాటి మట్టమొదళ్లు గోడలా ఉన్నాయి. ముందు కాళ్లతో కాయను పట్టుకుని తొడిమ దగ్గర పళ్లు పెట్టింది. పక్కకు తిరిగి ఉంది, తల స్పష్టంగా కనిపిస్తోంది.

తుపాకీని అరచేతి మీద పడుకోబెట్టాను. మొనను ఎలుక తల మీద నుంచి కిందికి, కాయ నున్నటి పచ్చదనం మీదికి దించాను. వేలు ఒప్పుకోలేదు. పైడమ్మ చెట్టుకి మిగిలిన గెల అది. అట్ట మీది చిల్లులు గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ ఒకేచోట పడ్డాయి. ఊపిరి సగం వదిలి, వేలు నొక్కాను.

ఎలుక కీచుమనలేదు. ఉన్నది ఉన్నట్టు జారి, కింద గడ్డివాము మీద మెత్తగా పడింది. దానికి ఏం జరిగిందో తెలిసి ఉండదు. అదీ ఒకందుకు మంచిదే. పైన కాయ ఊగి, ఊగి, ఆగింది.

ఢిల్లీరావు వెళ్లి తోక పట్టుకుని ఎత్తాడు. "తలలో తగిలింది బావా. గెల సూడు, ఏటీ అవలేదు."

అత్తగారు మంచం దిగి వచ్చి ఎలుకను కాదు, చెట్టును చూశారు.

"సందమావ బతికిపోనాడు," అన్నారు.

ఆ తర్వాత వారం వారం ఒకటీ అరా రాలాయి. గురి కుదరని రోజున కాల్చలేదు, వెనక ఆకాశమే ఉన్న రోజున తుపాకీ అసలు ఎత్తలేదు. చివరకు మట్టల మధ్య కదలిక ఆగిపోయింది. మానుకు చుట్టిన రేకు కొత్తవాటిని రానివ్వలేదు. ఆ రెండూ కలిస్తేగాని పని కాదని అప్పుడు తెలిసింది. పెంకుల మీద ధబ్బుమనే చప్పుడు లేక, మొదట్లో అత్తగారు ఉలిక్కిపడి లేచేవారు. తర్వాత హాయిగా పడుకున్నారు.

దీపావళికి ముందు సన్యాసిరావు భుజాన గొడ్డలి, తాడు వేసుకుని వచ్చాడు. అత్తగారు పెరట్లోనే ఎదురుచూస్తున్నారు.

"గొడ్డలి ఆ నూతి గట్టు కాడ ఒగ్గేయ్. తాడట్టుకుని ఎక్కు."

"ఎక్కి?"

"గెల దింపు. బేగి. కాయ పగిలిందంటే నీ పనుంది."

సన్యాసిరావు నా వైపు చూశాడు. నేను ఢిల్లీరావు వైపు చూశాను. అతను పటాలంలో చేసినట్టు కాళ్లు దగ్గర పెట్టి నాకు సెల్యూట్ కొట్టాడు. తాడు మీద గెల నెమ్మదిగా, గంగిరెద్దు తల ఊపినట్టు ఊగుతూ దిగింది. అత్తగారు రెండు చేతులూ చాచి, నేల తగలకుండా అందుకున్నారు. ఒక కాయను చెవి దగ్గర ఊపారు. లోపల నీళ్లు గలగలమన్నాయి.

ఆవిడ కొంగుతో కాయ తుడిచారు, తర్వాత కళ్లు తుడుచుకున్నారు. ఆ సాయంత్రం వీధిలో ప్రతి ఇంటికీ ఒక కాయ వెళ్లింది. "మా పిల్ల సెట్టుది," అని చెప్పి మరీ ఇచ్చారు. అశ్వినికి రెండు. మా ఇంట్లో రోట్లో కొబ్బరి పచ్చడి నూరారు. పైడమ్మ పోయాక ఆ రోలు వాడటం అదే మొదలు.

ఢిల్లీరావు టెక్కలి వెళ్తూ స్కోపును పారేయబోతే అత్తగారు లాక్కున్నారు. గీత తెగినా అద్దాలు బాగానే ఉన్నాయి. దగ్గరివి మసకగా కనిపిస్తాయి కాబట్టి, పొద్దున్నే టీ గ్లాసుతో పెరటి వెనక తోట చివరికి నడిచి, అక్కడ నుంచి చెట్టును చూడటం అలవాటు చేసుకున్నారు. ఒక రోజు అక్కడి నుంచే కేకేశారు.

"బాబూ, పై గెల నిండుగా దిగతన్నాది. ఒక్క కాయకీ బొక్క లేదు. ఆ తుపాకీ తుడిసి ఉంచండి."

నేను నా గ్లాసు తీసుకుని ఆవిడ ఉన్న చోటికి నడిచాను. ఆవిడ స్కోపు నా చేతికిచ్చి, ఎటు చూడాలో వేలు పెట్టి చూపించారు.