ముడత

డ్రైవరుకి నాలుగు మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది. రక్తనాళాలు సన్నబడ్డాయి, ఆపరేషనుకి పనికిరావు, ఇక కాళ్ళు నొక్కే మిషనొక్కటే మిగిలిందని డాక్టరు తేల్చేశాడు. పిక్కలకీ తొడలకీ పట్టీలు చుట్టి, గుండె ఒక దెబ్బ కొట్టి ఆగిన సందులో గాలితో బిగించి, నెత్తురు పైకి తోస్తారట. ఊళ్ళో అలాంటివి రెండున్నాయి. రెండింటి మీదా పడుకుని చూసి, ఏదో ఒకటి ఖాయం చేసుకోమన్నారు.

డ్రైవరుకి ఏదైనా ఒకటే. బతకాలనీ లేదు, వద్దనీ లేదు. బావమరిది కారెక్కమంటే ఎక్కాడు. వెనక సీట్లో పెళ్ళాం. మొగుడూ పెళ్ళాం నేరుగా మాట్లాడుకుని ఏళ్ళయింది. ఏ మాటైనా బావమరిది మీదుగా నడవాల్సిందే.

"మాత్ర వేసుకున్నాడేమో మీ బావనడుగు."

"వేసుకున్నానని మీ అక్కకి చెప్పు."

"మధ్యలో నేనేమన్నా మైకునా?" అని విసుక్కున్నాడు బావమరిది.

మొదటిది కొత్త మిషను. చల్లటి గది. పట్టీల కింద వేసే బిగుతు ప్యాంటు వాళ్ళే తొడిగారు, పట్టీలూ వాళ్ళే చుట్టారు. పెళ్ళాన్ని బయట కూర్చోబెట్టారు. మిషను కొత్త బస్సులా చప్పుడు లేకుండా నడిచింది. ఎలా ఉందంటే బాగుందన్నాడు.

రెండోది పాత డొక్కు. ఆపరేటరు ఒక్కడే. "ఇంటివాళ్ళెవరమ్మా? లోపలికి రండి. ప్యాంటు మీరే సర్దాలి. ముడత ఉందంటే తోలు లేచిపోతుంది. దీనికి జాలీ గీలీ లేవు."

ఆమె వచ్చి, మడమల నుంచి పైదాకా దుప్పటి పరిచినట్టు అరచేతులతో సాపు చేసింది. మొహం చూడలేదు. అతను గోడ వంక చూశాడు. కాళ్ళ మీద చేతులు కదులుతున్నాయని తెలిసింది, అంతే.

ఆపరేటరు పట్టీలు చుట్టాక మిషను మొదలైంది. బిగించినప్పుడల్లా మంచం ఎగిరిపడుతోంది. ఎడమ మోకాలి వెనక ముడత కోస్తోంది. చెప్పిద్దామంటే బావమరిది బయట ఉన్నాడు. పళ్ళు బిగబట్టాడు.

"గుచ్చుకుంటోందా?" అంది పెళ్ళాం.

గదిలో ఇంకెవరున్నారా అని చూశాడు. ఆపరేటరు అటు తిరిగి ఉన్నాడు. తననే అడిగింది.

"ఊ. ఎడమ కాలు. మోకాలి వెనక."

ఆమె మిషను ఆపించింది. ఆపరేటరు పట్టీ వదులు చేస్తే గుడ్డ లాగి, బొటనవేలితో చదును చేసింది. "ఇప్పుడు?"

"పోయింది."

బయటికొచ్చాక బావమరిది, "మొదటిదే కదా బావా? ఇది మనిషిని ఇస్త్రీ చేసేట్టుంది" అన్నాడు.

"ఇదే."

"బుర్ర పనిచేస్తోందా నీకు?"

"ఇదే అన్నాగా."

పెళ్ళాం కారెక్కి కిటికీ వైపు తిరిగింది. "రేపు పెందలాడే బయల్దేరాలని మీ బావకి చెప్పు."

బావమరిది అలవాటుగా నోరు తెరిచాడు.

"విన్నాను" అన్నాడు డ్రైవరు.

తెరిచిన నోరు మూసుకుని బావమరిది బండి తీశాడు.