అరుంధతిని లాటిన్‌లో అడగాలట

మా తారా పరిచయ సంఘంలో నియమం ఒక్కటే. ఏ నక్షత్రాన్ని చూడదలిస్తే దాని పేరూ, అది ఉండే మండలం పేరూ లాటిన్‌లో తప్పు లేకుండా పలకాలి. పలికినవాళ్ళే దుర్భిణికి కన్ను ఆనించాలి. పలకలేనివాళ్ళు చాప మీద కూర్చుని, పలికినవాళ్ళు చూస్తుంటే వాళ్ళను చూడవచ్చు.

మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడాది, తెనాలిలో రైసు మిల్లున్న బసవేశ్వరరావు మద్రాసు వెళ్ళి దుర్భిణి కొనుక్కొచ్చాడు. మొదటి వారం ఊరంతా మిల్లు డాబా ఎక్కింది. అమెరికా వాళ్ళు ఇంకా అక్కడే తిరుగుతున్నారేమో చూద్దామని పొన్నూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. డాబా కూలుతుందని అతనికి భయం పట్టుకుంది. పొమ్మందామంటే, రేపు వాళ్ళ ధాన్యమే ఆ మిల్లుకు రావాలి. అప్పుడు వెంకటకృష్ణయ్య మాస్టారు ఉపాయం చెప్పారు. ఆయన బాపట్లలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, రిటైరై తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నారు.

"పొమ్మనక్కర్లేదండి. పరీక్ష పెట్టండి, వాళ్ళే పోతారు" అన్నారు.

వారం తిరక్కుండా డాబా ఖాళీ అయింది. మాస్టారు, బసవేశ్వరరావు, రేపల్లె యాకోబుగారు మిగిలారు. సంఘం బాగా నడుస్తోందని అందరూ సంతోషించారు.

ఈ వేసవిలో నేను నాలుగోదాన్నిగా చేరడానికి కారణం భయం.

నా పెళ్ళి రేపల్లెలో మా పుట్టింట్లో, మిట్టమధ్యాహ్నం జరిగింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పురోహితుడు మమ్మల్ని పందిట్లోంచి ఎండలోకి నడిపించి, ఆకాశంలోకి వేలు చూపించి, "అదుగో వశిష్ఠుడు, పక్కనే అరుంధతి. కనపడిందా తల్లీ?" అన్నాడు. నాకు కనపడింది వేలు. కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే "కనపడింది" అన్నాను. పెళ్ళికొడుకూ కనపడిందన్నాడు. అక్కడున్న రెండు వందల మందికీ కనపడింది. కాపురానికి పునాది అలా పడింది.

ఆ తర్వాత అరుంధతి జోలికి పోలేదు. ఈ వేసవిలో లైబ్రరీ నుంచి నక్షత్రాల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. అందులో ఓ మూల, అరుంధతి కనపడనివాళ్ళకు ఆరు నెలల్లో ఆయువు తీరుతుందని పెద్దలంటారని రాశారు. పుస్తకం మూసి వాకిట్లోకి పోయి చూశాను. సప్తర్షులు కనపడ్డారు. వశిష్ఠుడు కొంచెం చెరిగినట్టు కనపడ్డాడు. అరుంధతి లేదు. మర్నాడూ లేదు. కంటి డాక్టరు నాకు శుక్లాలు వస్తున్నాయని, ముదిరాక రమ్మని చెప్పి పంపాడు. అవి ముదరాలన్నా నేను ఆరు నెలలు దాటి బతకాలి కదా.

అందుకే ఎలాగైనా ఆ దుర్భిణిలో చూడాలనుకున్నాను. వానలొస్తే ఇక ఆకాశం ఉండదు. వానలు వెలిసేసరికి సప్తర్షులు పొద్దుగూకకముందే దిగిపోతారు. ఉన్నది మే నెల ఒక్కటే.

"అరుంధతిని చూడాలి బాబూ" అని బసవేశ్వరరావును అడిగాను. నన్ను పిన్నిగారూ అని పిలుస్తాడు. కాదనడనుకున్నాను.

అతను మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అలాంటి నక్షత్రం లేదమ్మా అనసూయమ్మా. ఆల్‌కార్ అని ఉంది. అర్సా మేజర్‌లో ఉంటుంది. అలా అడిగితే ఉంటుంది."

"అలా అనకండి మాస్టారూ" అన్నారు యాకోబుగారు. "ఉర్సా మాయోర్ అనాలండి. అల్కోర్ అనాలి."

యాకోబుగారు రేపల్లె చర్చిలో ముప్పై ఏళ్ళు ఉపదేశిగా చేశారు. ఇటలీ ఫాదర్ల పక్కన నిలబడి లాటిన్ పూజంతా నోటికి నేర్చుకున్నారు. ఐదేళ్ళ కిందట పూజ తెలుగులోకి మారింది. భక్తులకు ప్రార్థన అర్థం కావడం మొదలైంది, యాకోబుగారి లాటిన్‌కు పని పోయింది. ఆ లాటిన్‌ను వారానికోసారి రేపల్లె బండిలో తీసుకొచ్చి, మా డాబా మీద గాలికి ఆరబెట్టుకుంటారు.

"లండన్‌లో ఎవరూ మాయోర్ అనరండి" అన్నారు మాస్టారు.

"లండన్ వాళ్ళదా ఏంటండీ లాటిన్? రోమాపురిది. పోపుగారు ఏమంటారో అదేనండి."

"పోపుగారు దుర్భిణిలో చూసినవాణ్ణి జైల్లో పెట్టారుగా!"

"మరి మీరు చూడనివ్వనిది ఎంతమందినండీ?"

ఆ వారం అలా గడిచింది.

నేను బళ్ళో చదువుకున్నదాన్ని కాదు. తెలుగు అక్షరాలు పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు స్టేషన్ బోర్డుల మీద నేర్చుకున్నాను. తెనాలి, రేపల్లె, బాపట్ల. పైన తెలుగులో ఉన్నదే కింద ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు. ఆ బోర్డులు చదవడానికి నాకు తీరిక ఎక్కువ దొరికింది. మావారు వెంకట్రామయ్యగారికి బాపట్లలో ప్లీడరు గుమాస్తాగా ఉద్యోగం. కాపురం తెనాలిలో. సోమవారం బండెక్కించి వచ్చేదాన్ని, శనివారం బండికి ఎదురెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు శనివారాలు నెలకొకటయ్యాయి. తర్వాత ఏడాదికి ఒకటి రెండు. బాపట్లలో మాణిక్యమ్మ అనే ఆవిడ ఉందని ఊళ్ళో అందరికీ తెలిశాక నాకు తెలిసింది. ఆయన పోయిన కబురు కూడా ఆ ఇంటి నుంచే వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా "వెళ్ళొస్తాం" అంటే నాకు గుండె దడదడలాడుతుంది. అందుకే డాబా మీద నుంచి అందరికంటే ముందు నేనే దిగిపోతాను.

పదిహేను రోజులు సాధన చేశాను. పప్పు రుబ్బుతూ అర్సా మేజర్, అంట్లు తోముతూ ఉర్సా మాయోర్. పక్కింటావిడ నాకు గాలి సోకిందనుకుని తాయెత్తు తెచ్చింది. కట్టించుకున్నాను. ఏది పనిచేస్తుందో ఎవరికి తెలుసు?

పుస్తకంలో ఓ పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఇంకో సంగతి కనపడింది. అల్కోర్ అనేది అసలు లాటిన్ మాటే కాదట, అరబ్బీ నుంచి వచ్చిందట. ఎవరికీ చెప్పలేదు. చెబితే అరబ్బీ నేర్చుకురమ్మంటారని భయం.

మే నెలాఖరున యాకోబుగారు వచ్చే రోజు కోసం ఆగి, ఇద్దరి ముందూ నిలబడ్డాను. సముద్రం వైపు నుంచి మబ్బు లేస్తోంది. పిల్లల్లా చేతులు కట్టుకుని "అర్సా మేజర్, ఆల్‌కార్" అన్నాను.

"భేష్!" అన్నారు మాస్టారు.

"తప్పండి" అన్నారు యాకోబుగారు.

"ఉర్సా మాయోర్, అల్కోర్."

"ఇప్పుడు చెప్పారమ్మగారూ!"

"రెండు రకాలుగా అంటే రెండూ రానట్టు లెక్క" అన్నారు మాస్టారు. "సంఘం ఏదో ఒకటి తేల్చాలి. ఓటు పెడదాం."

ఇటొకరు, అటొకరు. బసవేశ్వరరావు ఎటూ చెయ్యెత్తలేదు. మబ్బు ఆకాశంలో సగం దాకా వచ్చింది.

దుర్భిణిని రోజూ తుడిచి, అటూ ఇటూ తిప్పి పెట్టేది మిల్లు వాచ్‌మన్ నాగులు. యాభై దాటినవాడు. నిజాంపట్నం వైపు సముద్రంలో పాతికేళ్ళు పడవ నడిపి, కాలు విరిగి ఒడ్డున పడ్డాడు. మూల కూర్చుని బీడీ కాల్చుకుంటున్నవాడు లేచి వచ్చాడు.

"ఏటిని చూడాలమ్మా మీరు?"

"అరుంధతిని, నాగులూ."

"ఓస్, ఆ తల్లినా!" అని గొట్టాన్ని ఒక్క తిప్పు తిప్పి, ఓ కన్ను మూసి చూసి, పక్కకు జరిగాడు. "ఇదుగోండి. బేగి చూడండి, మబ్బు వచ్చేత్తంది."

"నాగులూ! నియమం..." అన్నారు మాస్టారు.

"మరైతే మీరు తిప్పండి సార్."

మాస్టారు ఆకాశంలోకి చూశారు. యాకోబుగారూ చూశారు. అర్సా మేజర్ ఎక్కడుందో ఒకరికీ, ఉర్సా మాయోర్ ఎక్కడుందో ఇంకొకరికీ తెలియదని అప్పుడు బయటపడింది. ఈలోగా నేను కన్ను ఆనించేశాను.

మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనపడ్డాయి. తర్వాత వెలుగు నిలిచింది. పెద్ద చుక్క వశిష్ఠుడు. బాగా ఎడంగా, తన మానాన తాను, చిన్నగా, చెరగకుండా, అరుంధతి.

"కనపడింది" అన్నాను. ఆ మాట ఈసారి నిజం.

అంతలో సరిగ్గా చూద్దును కదా, వశిష్ఠుడు ఒకడు కాదు. ఇంకో చుక్క ఆయన్ను ఒరుసుకుని ఉంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉంది. అరుంధతికీ వాళ్ళకూ మధ్య మాత్రం తెనాలికీ బాపట్లకూ ఉన్నంత దూరం. నాకు నవ్వు ఆగలేదు.

"ఏంటి పిన్నిగారూ?"

"వశిష్ఠుడి పక్కన ఇంకెవరో ఉన్నారు బాబూ. అరుంధతి కంటే దగ్గరగా."

మాస్టారు ఉండబట్టలేక నన్ను జరగమని చూశారు. "నిజమే! రెండున్నాయి!" అని పుస్తకం తీసి పేజీలు తిప్పారు. "తోడు నక్షత్రమట. దీనికి వేరే పేరివ్వలేదే."

"పేరు లేనిదాన్ని చూడకూడదండి, నియమం మీదేగా!" అన్నారు యాకోబుగారు ఆనందంగా.

"చూసిందేదో సంఘం పుస్తకంలో రాయాలిగా, ఏమని రాద్దాం?" అన్నాడు బసవేశ్వరరావు.

"మాణిక్యమ్మ అని రాయండి" అన్నాను.

బసవేశ్వరరావు పెన్ను తీసి రాయబోతూ, ఎలా పలకాలన్నట్టు మాస్టారి వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళు బాపట్లలో ఉన్న మనిషి మాస్టారు. ఆయన పుస్తకం మూసి తల వంచుకున్నారు. ఒక పేరు విని ఆయన సరిదిద్దకుండా ఊరుకోవడం మా సంఘంలో అదే మొదలు.

"మబ్బమ్మా" అన్నాడు నాగులు.

మళ్ళీ కన్ను ఆనించాను. మబ్బు ముందు వాళ్ళిద్దరినీ కప్పింది. అరుంధతి ఇంకా ఉంది. వెనక మెట్ల దగ్గర ఎవరో "వెళ్ళొస్తామండీ" అన్నారు. కన్ను తీయకుండానే, సరేనన్నాను.