అమ్మకానికి లేని ఫిడేలు

బొమ్మ ఫిడేలు చేయడానికి పేరయ్య మట్టిచిప్ప మీద తడికాగితం పరిచి, బొటనవేలితో అంచు చుట్టూ నొక్కాడు. వేలు జారింది. కాగితం చిరిగింది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

"ఇవాళ్టికి మానెయ్యరాదూ," అంది రత్తమ్మ, వెదురుపుల్లకు తీగ చుడుతూ. "నీ ఆయాసం వంటింట్లోకి వినబడుతోంది."

"ఇంట్లో కూచుంటే నీ సణుగుడు వినాలిగా."

"నీ ఫిడేలు కంటే నయమేలే."

నవ్వబోయి దగ్గాడు పేరయ్య. బొమ్మ ఫిడేళ్ల గంప ఎత్తుకుని, గోడకున్న తన ఫిడేలు తీసుకున్నాడు. దాని తల మీద తేలికపాటి పొణికికర్రతో చెక్కిన చిలక, రంగు ఎప్పుడో పోయింది. కమానుకు గుర్రపు వెంట్రుకలు, వాటికి ఏళ్ల తరబడి రుద్దిన గుగ్గిలం. అమ్మేవాటికి మాత్రం నారే. దీన్ని వాయించి వాటిని అమ్మాలి. వ్యాపారమంతా ఇంతే. సాయంత్రం సందు మొదట్లో ఈ ఫిడేలు పలికితే చాలు, రత్తమ్మ మంచినీళ్ల చెంబుతో అరుగు మీదికి వస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి నీడన నిలబడి మధ్యాహ్నం దాకా వాయించాడు. విన్నవాళ్లు చాలామంది. కొన్నవాళ్లు తక్కువ. ఇంతలో ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, నిన్న నువ్విచ్చిందే ఇది. ఇంటికెళ్తే పిల్లి అరిచినట్టుంది. పిల్ల ఒకటే ఏడుపు."

"గుగ్గిలం రుద్దాలమ్మా."

"రుద్దాం. చేతులు జిడ్డయ్యాయి."

పిల్ల తన ఫిడేలు మెడకు నీలిరిబ్బను కట్టుకుంది. పేరయ్య చేతిలోని చిలకనే చూస్తోంది.

"నీది పాడుతుంది తాతా. నాది పాడదు. నాకే రాదేమో."

నేర్చుకుంటే అదే వస్తుందమ్మా అనాలి. ఎందరు పిల్లలకో ఆ మాటే చెప్పాడు. నారకమానుతో ఎవరికీ రాదని తెలిసే చెప్పాడు. ఇవాళ అబద్ధానికి కూడా ఓపిక లేదు. తన ఫిడేలు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. కమాను లాగింది. సన్నగా ఒక స్వరం పలికింది. పిల్ల మళ్లీ లాగింది, తల వంచి విన్నది. తిరిగి ఇవ్వలేదు. పేరయ్య అడగలేదు.

"దీనికెంత?" అంది తల్లి.

"మార్చుకున్నాం గదమ్మా," అంటూ రిబ్బను ఫిడేలు అందుకున్నాడు.

కాలువ వంతెన మీద రెండుసార్లు ఆగాడు. భవానీపురం చేరేసరికి పొద్దు వాలింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. గుక్కెడు నీళ్లు కావాలి. సందు మొదట్లో రిబ్బను ఫిడేలు తీసి, రోజూ వాయించేదే వాయించాడు. కీచుమంది. తలుపు దగ్గర ఎవరూ కనిపించలేదు. గోడ పట్టుకుని నడిచి, అరుగు మీద కూలబడ్డాడు. మళ్లీ లాగాడు.

లోపలి నుంచి రత్తమ్మ గొంతు వినబడింది. "ఎవర్రా అది? కాసేపు ఆపండమ్మా. మా ఆయన ఫిడేలు వినబడి చావదు."

పేరయ్యకు నవ్వొచ్చింది. పిలుద్దామనుకున్నాడు. ఊపిరి అందలేదు. గోడకు తల ఆనించాడు.

లోపల రత్తమ్మ నీళ్ల చెంబు గడప పక్కన పెట్టుకుని, ఒక చెవి వీధి వైపు వేసి, తీగలు చుడుతూ కూర్చుంది. దీపం వెలిగించే వేళకు, ఈ మనిషి ఇంకా రాలేదేమిటని తలుపు తీసింది.

అరుగు మీద ఆయన గోడకు తల ఆనించే ఉన్నాడు, ఛాతీ కదలడం లేదు. ఒళ్లో ఎవరిదో ఫిడేలు. దాని మెడకు నీలిరిబ్బను. నారకమాను ఇంకా తీగ మీదే ఉంది.