గేరు కింద ఎర్ర చుక్క

"సాయంత్రం నా ఫ్రెండొస్తున్నాడు. కారు లోపల కాస్త తుడిచి పెట్టు. గేరు జోలికి మాత్రం పోకు" అని చెప్పి ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లుగా వింటున్న మాటే అయినా ఆమెకి మనసు చివుక్కుమంది. ఆ రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు పెళ్లికి ముందునించీ ఆయనకి ప్రాణం. దాన్ని ఆమె నడిపింది ఒక్కసారే. ఆయన ఊళ్లో లేనప్పుడు అత్తగారికి గుండెనొప్పి వస్తే, పక్క సీట్లో కూచోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. ఆయన తిరిగొచ్చి తల్లిని చూశాడు, తర్వాత కారుని చూశాడు. గేరు కడ్డీ అటూ ఇటూ ఊపి, "నీ చెయ్యి పడితే ఏదైనా ఊడాల్సిందే" అన్నాడు. అప్పట్నించీ ఇంటికి ఎవరొచ్చినా అదే ముచ్చట. కడ్డీని చిటికెనవేలితో ఊపి చూపించడం, "అంతా మా ఆవిడ ప్రతిభే" అనడం, వచ్చినవాళ్లు పడీపడీ నవ్వడం. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే సరదాకి అన్నదానికి కూడా మూతి ముడుచుకుందంటారు మరి. చిత్రమేమిటంటే, ఆమె ఆ మాట నిజంగానే నమ్మింది. ఆ రోజు కంగారులో మూడో గేరు గట్టిగా లాగినట్టు గుర్తు. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. పళ్లాసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి రెండు బస్సులు మారి వెళ్తుంది. ఆలస్యమైనప్పుడల్లా "మీ ఇంట్లో కారుంది కదమ్మా" అనిపించుకుంటుంది.

ఇవాళ ఆమెకి సెలవు. అంటే కారు తుడిచే రోజన్నమాట. సీట్లు తుడిచింది, అద్దాలు తుడిచింది. గేరు చుట్టూ ఉన్న తోలు తొడుగు మడతల్లో బిస్కెట్ పొడి ఉంటే, దులుపుదామని అంచు పట్టుకుంది. తొడుగంతా ఊడి చేతికొచ్చింది. ఇదీ ఊడగొట్టానా అనుకుంటూ వంగి చూసింది. కడ్డీ అడుగున గుండ్రటి కొస ఉంది. దాన్ని కదలకుండా పట్టి ఉంచాల్సిన ప్లాస్టిక్ బుష్ అరిగి, పగిలిపోయి ఉంది. దాని చుట్టూ ఎవరో నల్ల రబ్బరు ముక్క చుట్టారు. రబ్బరు మీద ఎర్ర చుక్క.

ఆ చుక్క పెట్టింది ఆమే. రెండు కుక్కర్ల రబ్బర్లు కలిసిపోతున్నాయని, పెద్దదానికి గోళ్లరంగుతో గుర్తు పెట్టుకుంది.

వరండాలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారికి చూపించింది. ఆవిడ వేళ్లతో తిప్పి చూసి, "ఇది మన పెద్ద కుక్కరుదే కదే. నువ్వు చెత్తలో పారేశావని నేను నానా మాటలూ అన్నాను" అంది.

"ఎప్పుడత్తయ్యా అది?"

"నేను ఆస్పత్రిలో పడకముందు. అది లేకే కదా నెల్లాళ్లు చిన్న కుక్కరుతోనే నెట్టుకొచ్చావు."

అంటే ఆమె నడపకముందే గేరు వదులైపోయింది. రబ్బరు చుట్టింది ఆయనే అయ్యుండాలి, ఇంకెవరూ ఆ గేరు జోలికి పోరు. అంటే ఆయనకి తెలుసు. తెలిసే అలా అన్నాడా? మర్చిపోయి అన్నాడా? ఆమె వెళ్లి కారు తలుపు తీసి సీటు అంచున కూచుని తన కుడిచెయ్యి చూసుకుంది. కోపం రావాలేమో, రాలేదు. ఏడుపొచ్చేలా ఉంది, మధ్యలో నవ్వూ వస్తోంది. నాలుగేళ్లు మోసిన తప్పు తనది కాదని తేలితే హాయిగా ఉండాలి కదా, మరి ఈ దిగులేమిటో. ఏం చెయ్యాలో తోచక, లేచి బుష్ ముక్కలు రుమాల్లో కట్టుకుని స్పేర్ పార్టుల షాపుకి వెళ్లింది.

"మీవారినడిగి ఏది కావాలో కనుక్కుని రండమ్మా" అన్నాడు షాపతను.

ఆమె రుమాలు విప్పి కౌంటరు మీద పెట్టింది. "ఇది కావాలి."

కొత్త బుష్ ఎంత నొక్కినా పట్టలేదు. బిగుసుకున్న ప్లాస్టిక్ మూతల్ని ఆమె వంటింట్లో ఏం చేస్తుందో అదే చేసింది. వేడినీళ్లలో వేసి మెత్తబడ్డాక తీసి, కాస్త గ్రీజు రాసి నొక్కితే టక్కున కూచుంది. తొడుగు బిగించి కడ్డీ కదిపింది. ఊగలేదు.

ఆయన వస్తూనే కారులో కూచుని కడ్డీ మీద చెయ్యేశాడు. "బిగువుగా ఉందే. ఏ మెకానిక్కుని పిలిచావు?"

"ఎవర్నీ పిలవలేదు" అంటూ రబ్బరు ముక్క ఆయన చేతిలో పెట్టింది.

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "ఓ, ఇదా. అమ్మకి బాగోలేనప్పటికే గేరు వదులైపోయిందిగా. అప్పటికి పనికొస్తుందని నేనే చుట్టాను."

"మరి నా చెయ్యి పడి ఊడిందన్నారు."

"ఏదో సరదాకి అన్నానోయ్. నువ్వు నిజమనుకున్నావా?"

ఆమె ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికింది. లేదు. పాపం, మొదటిసారి అది సరదాకి అన్నది కాదని నిజంగానే గుర్తులేదు. అబద్ధమాడి ఉంటే పోట్లాడేది. మర్చిపోయిన మనిషితో ఎలా పోట్లాడాలో ఆమెకి తెలీలేదు.

"దిగండి" అంది.

"వాడొచ్చే వేళైంది. ఎందుకిప్పుడు?"

"నడిపి చూడాలి."

"సరే, పక్కన నేను కూచుంటాను. నీకు..."

ఈలోగా అత్తగారు చెప్పులేసుకొచ్చి, అటువైపు తలుపు తీసి కూచుంది. "దిగరా. ఉన్నవి రెండే సీట్లు."

రోడ్డు మీదికొచ్చాక "ఎక్కడికే?" అని అడిగింది ఆవిడ.

"తెలీదత్తయ్యా" అంది ఆమె. నిజంగానే తెలీదు. రేపు బస్సెక్కనని మాత్రం తెలుసు.