కప్పల కాలిక్యులస్

బయాలజీ విద్యార్థుల కోసమే తయారుచేసిన కాలిక్యులస్ కోర్సు అది. దేవసేన దానికి మొదటి వారంలోనే కప్పల కాలిక్యులస్ అని పేరు పెట్టేసింది. ప్లస్ టూ లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల, మ్యాథ్స్ సీటు కొద్దిలో చేజారి తిరువళ్ళూరు కాలేజీలో బయాలజీలో వచ్చి పడింది. ఈ ఒక్క పేపర్లో తొంభై దాటితే రెండో ఏడు మ్యాథ్స్‌లోకి మారవచ్చని ఆఫీసులో చెప్పారు. రోజూ తిరుత్తణి నుంచి రైలెక్కి వస్తున్నది ఆ తొంభై కోసమే. తక్కినవన్నీ ఆమెకు పూచికపుల్లతో సమానం.

పుస్తకం చూస్తేనే ఒళ్ళు మండేది. నిరూపణ అన్నది మచ్చుకైనా లేదు. ఏ పేజీ తిప్పినా బాక్టీరియా, చేపలు, మాత్ర వేసుకున్నాక రక్తంలో మిగిలే మందు. క్లాసులో సగం మంది పదో తరగతితోనే లెక్కలకు దండం పెట్టేసినవాళ్ళు. హాస్టల్లో ఉండే శోళవరం పిల్ల ఎస్తేర్ మరీనూ. ఒకరోజు నోటుబుక్కు పట్టుకొని వచ్చి అడిగింది.

"దేవసేనా, సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా ఎందుకు రాదు?"

"ముందు నీకు సున్నా యాడుంటాదో తెలుసునా?" అంది దేవసేన, తల కూడా ఎత్తకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎస్తేర్ నోటుబుక్కు మూసుకొని వెళ్ళిపోయింది.

నూటికి నలభై మార్కులు రికార్డువి. తలా ఒక కప్పులో అలసంద గింజ నాటి, ల్యాబ్ కిటికీలో పెట్టి, ఇరవై రోజులు ఎత్తు కొలవాలి. గ్రాఫు గీసి, ఏ రోజు ఎంత వేగంగా పెరిగిందో డెరివేటివ్‌తో చెప్పాలి. గింజ నాటాక దేవసేన ఆ గడప తొక్కితే ఒట్టు. సూత్రం ఉండగా స్కేలు పట్టుకొని వంగడం దేనికట! రైల్లో కూర్చొని ఇరవై అంకెలూ సూత్రంలోంచి దించేసింది. చూసేవాళ్ళకు నమ్మకం కలగాలని అక్కడక్కడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిపింది కూడా. మహా తెలివి! మధ్యలో ఒకరోజు క్లాసంతా ఎలుక, ఎలుక అని గోల చేస్తుంటే, కోయడానికి కొత్త జంతువు వచ్చింది కాబోలనుకొని మొహం తిప్పుకుంది. వాళ్ళ మాటలు చెవిన వేసుకోవడం ఆమెకు నామోషీ.

రికార్డులు దిద్దే రోజు అమృతవల్లి మేడమ్ ఆమెను బల్ల దగ్గరికి పిలిచింది. ఆవిడ పాఠం ఇంగ్లీషులో చెప్పేది, తిట్టేది మాత్రం ఇంటి తెలుగులోనే.

"గ్రాఫు బాగుండాది. తొమ్మిదో రోజు ఎంత?"

"పదకొండు పాయింట్ నాలుగు, మేడమ్."

"పదో రోజు?"

"పన్నెండు పాయింట్ ఆరు."

"అట్లనా? తొమ్మిదో రోజు రాత్రి ఎలుక దూరి కప్పుల్లోవన్నీ కొరికి పెట్టింది. ముప్పై మొలకల్లో నీదొక్కటే దాని పండ్లలోనించి పైకి పెరిగిందే!"

క్లాసు ఘొల్లున నవ్వింది. మేడమ్ ఎస్తేర్ రికార్డు తీసి దేవసేన ముందు పెట్టింది. మట్టి మరకలు, కొట్టివేతలు, వంకర గీత. తొమ్మిదో రోజు దగ్గర ఆ గీత ఠక్కున తెగి, కింద మూడు సెంటీమీటర్ల దగ్గర మళ్ళీ మొదలైంది. మధ్య ఖాళీలో ఎస్తేర్ ఇలా రాసింది: ఇక్కడ డెరివేటివ్ లేదు. ఎలుక ఉంది.

గీత తెగినచోట డెరివేటివ్ ఉండదని దేవసేనను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ తెగడం ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే చూసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"రికార్డుకు సున్నా," అంది మేడమ్. "ఇంక అరవై వస్తే గొప్ప. మ్యాథ్స్ మాట మర్చిపోమ్మా."

దేవసేన తిన్నగా ల్యాబ్‌కు వెళ్ళింది. తన పేరు రాసిన కప్పు కిటికీలోనే ఉంది. ఎండిపోయి ఉంటుందనుకుంది. కానీ మట్టి తడిగా ఉంది, కొరికిన మోడు పక్కనుంచి రెండు చిగుళ్ళు లేచాయి. వెనకే వచ్చిన ఎస్తేర్ నీళ్ళ సీసా బల్ల మీద పెట్టింది.

"సెలవుల్లో గూడా నేనే పోస్తా వుండినా. పాపం, మొక్క ఏం జేసింది?"

దేవసేన చిగుళ్ళ మీదికి వంగింది. మెల్లగా చెయ్యి చాపింది.

"స్కేలు ఇస్తావా?"

ఎస్తేర్ సంచిలోంచి చెక్క స్కేలు తీసింది. దాని మొదలు ఎప్పుడో అరిగి, అక్కడి అంకెలు చెరిగిపోయాయి. ఇవ్వబోయి ఆగింది.

"సున్నా యాడుంటాదో తెలుసునా?"