అడుగు గీయని గుంట

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక అన్నయ్య భోజనాల బల్ల తుడిచేవాడు. వదిన బీరువా సొరుగులోంచి పటం తీసి బల్ల మీద పరిచేది. తమ్ముడు సంచీలోంచి పాచికలు తీసి, ఎవరూ ముట్టకుండా తన చేతి పక్కనే వరసగా పెట్టుకునేవాడు. పక్క వాటాలో ఉండే లెక్కల మాస్టారు తన కుర్చీ తానే మోసుకొచ్చేవాడు. ఆ ఇంట్లో నాలుగో కుర్చీకి ఒక కాలు పొట్టి.

ఈ ఆట ఈ కథ చెప్పేవాడికీ సరిగ్గా రాదు కాబట్టి, తెలిసినంతలో చెప్పాలంటే ఇదీ సంగతి. వదిన ఒక నేలమాళిగ గీస్తుంది. మిగతావాళ్ళు అందులో తిరుగుతున్నట్టు చెబుతారు. అన్నయ్య గొడ్డలి పట్టిన వీరుడు. బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషికి అంతకన్నా మంచి వేషం దొరకదు. మాస్టారు మంత్రగాడు. తమ్ముడు దొంగ. గండం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు, పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది: నోటితో చెప్పనిది చేయనట్టే.

తమ్ముడికి నలభై రెండేళ్ళు. వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు. పదహారేళ్ళ ఉద్యోగం తర్వాత కూడా చేతులకి పది వేళ్ళూ ఉన్నాయంటే అతని జాగ్రత్త వల్లే. అదే జాగ్రత్తని ఆటలోకీ తెచ్చాడు. ప్రతి తలుపు దగ్గరా "ఆగి, కర్రతో నేల మూడుసార్లు తట్టి, అప్పుడు అడుగు వేస్తాను" అనేవాడు. దాంతో దొంగకి టకటక అని పేరు పెట్టారు. ఆ పేరు మనిషికీ అంటుకుంది.

వదిన ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేది, అందుకని పటంలో ఒక్క గీత వంకర పోయేది కాదు. అయితే ఆ పటం సొరుగులో ఉండగా తనంతట తాను పెరిగేది. ఆమె గీయని గదులు, ఆమె పెన్సిల్ రంగులోనే, ఆమె చేతి తీరులోనే వచ్చేవి. "ఈ వారం రెండు గదులూ ఒక మెట్లదారీ" అనేది, పాలవాడు రాలేదన్నంత మామూలుగా. చోటు చాలకపోతే అంచుకి ఇంకో గడుల కాయితం అతికించేది. వానలు పడ్డ వారం కాస్త ఎక్కువ పెరిగేది.

ఒక ఆదివారం టకటక మూడు గదుల్లో తొమ్మిదిసార్లు నేల తట్టేసరికి అన్నయ్యకి ఓపిక పోయింది.

"ఒరేయ్, నువ్విలా తట్టుకుంటూ కూర్చుంటే లోపలున్న రాక్షసుడు ముసలాడైపోతాడ్రా!"

"ఈపాటికి వాడే విసుగెత్తి తలుపు తీస్తాడు" అన్నాడు మాస్టారు.

టకటకకి పౌరుషం పొడుచుకొచ్చింది. "సరే! తలుపు తోసుకుని లోపలికి వెళ్తున్నాను. చాలా?"

వదిన పెన్సిల్ గాల్లో ఆగింది. "తట్టానని అనలేదు."

"అలవాటే కదా వదినా. అన్నట్టే అనుకో."

"అనుకోడానికి లేదు మరిదీ. పడ్డావు."

ఎంత లోతో చూద్దామని స్కేలు పెట్టింది. రెండు గడుల వెడల్పున్న గుంట కాయితం కిందంచు దాకా దిగిపోయింది. అడుగున గీత లేదు.

"అడుగు ఇంకా పెరగలేదు. వచ్చే వారం చూద్దాం" అంది.

వచ్చే వారం గుంట పెరిగింది గాని అడుగు రాలేదు. కింద ఇంకో కాయితం అతికించారు.

"టకటకా, నీ వంతు. ఏం చేస్తున్నావు?"

"పడుతున్నాను."

ఆ తర్వాతి వారమూ అంతే. మాస్టారు మంత్రంతో తాడు వేశాడు, అది సగం కాయితం కూడా దిగలేదు. ఇంటి దగ్గర ఫ్యాను ఆపేసినా టకటక చొక్కా కాలరు రెపరెపా కొట్టుకునేది. అన్నం తింటుంటే కడుపులో ఏదో పైకి తేలేది. ఇస్త్రీ నిలవడం లేదని భార్య అతని చొక్కాలు ఇస్త్రీ చేయడం మానేసింది.

నాలుగో ఆదివారం గుంట పొడుగునా తలుపులు వచ్చాయి. ఎనిమిది, అన్నీ ఒకే వైపు, ఒకదాని కింద ఒకటి. టకటక వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఇది మన నేలమాళిగది కాదు వదినా. లిఫ్టు గుంట. మా కంపెనీ చూసే ఏడంతస్తుల ఆఫీసుది. రేపు కాక వచ్చే సోమవారం నేను వెళ్ళాల్సింది అక్కడికే."

"మరి లిఫ్టు ఏదిరా?" అన్నాడు అన్నయ్య.

"గీసి లేదు."

వదిన రబ్బరు తీసుకుని గుంటంతా చెరిపేసింది. మర్నాడు ఫోన్ చేసి, మళ్ళీ వచ్చిందని, ఈసారి గీతలు ఇంకా ముదురుగా ఉన్నాయని చెప్పింది.

టకటక భార్య పరుపుల దుకాణంలో పరుపులు కుట్టేది. ఈ ఆట జోలికి ఎప్పుడూ రాలేదు. "గడ్డాలొచ్చిన పిల్లకాయలు" అని ఊరుకునేది. ఇప్పుడు మాత్రం అంతా విన్నది.

"లీవు పెట్టు" అంది.

"సోమవారం పెడితే మంగళవారం వెళ్ళాలి. పడటం మొదలైపోయిందే."

ఐదో ఆదివారం ఆమె కూడా వచ్చి పొట్టికాలు కుర్చీలో కూర్చుంది. పటం విప్పారు. అడుగు వచ్చింది, నల్లగా, మందంగా, రెండుసార్లు దిద్దినట్టు.

"నేనూ ఆడతానక్కా" అంది.

"ఆడు చెల్లీ. కొత్తగా చేరేవాళ్ళు ఎక్కడైనా ఉండొచ్చు. నువ్వెక్కడున్నావు?"

"ఆ గుంట అడుగున."

"వేషం?"

"పరుపులు కుట్టేదాన్ని."

మాస్టారు నియమాల పుస్తకం తిరగేశాడు. "అలాంటి వేషం ఇందులో లేదమ్మా."

"అయితే ఆ పుస్తకం రాసినవాళ్ళు కటిక నేల మీద పడుకుంటారేమో."

వదిన ఆమె చేయి పట్టుకుంది. "చేసేది నోటితో చెప్పు. ఒక్కటీ వదలకు."

ఆమె చెప్పింది. గుడ్డ కొలిచాను. అంచులు కుట్టాను. దూది విడదీశాను, ఉండలు లేకుండా కూరాను. జానెడుకొకచోట ఎర్ర దారంతో బిగించి రెండు ముడులు వేశాను. ఒక పరుపు అయింది. మళ్ళీ గుడ్డ కొలిచాను. ఇలా ఏడు పరుపులు. గంటన్నర పట్టింది. తొందరపెట్టే అన్నయ్యే పరుపులు వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"పాచిక వెయ్యి. పది దాటాలి" అంది వదిన.

పాచిక బల్ల మీంచి దొర్లి, బీరువా కిందికి పోయింది.

"కింద పడ్డది చెల్లదు" అన్నాడు మాస్టారు అలవాటుగా.

"పడేవాడి కోసం వేసింది. కిందే చెల్లాలి" అంది టకటక భార్య.

వదిన తలూపింది. అన్నయ్య బొద్దింకల భయం దిగమింగి, టార్చి పట్టుకుని బోర్లా పడుకుని చూశాడు.

"పదకొండు" అన్నాడు, కాస్త తొందరగా.

ఇంకెవరూ వంగి చూడలేదు. ఆ పాచికని బయటికి తీద్దామని కూడా ఎవరూ అనలేదు.

సోమవారం ఆ ఆఫీసులో లిఫ్టు నాలుగో అంతస్తులో ఇరుక్కుందన్నారు. టకటక తాళంతో తలుపు తీశాడు. లోపల చీకటి. ఆగాడు. స్క్రూడ్రైవరుతో మూడుసార్లు తట్టాడు. ఇనుము మూడుసార్లూ పలికింది. అడుగు వేశాడు.

ఇనుము లేదు.

గోడలు సిమెంటువి కావు, కాయితం రంగులో ఉన్నాయి. వాటి నిండా గడులు. అక్కడక్కడా రబ్బరుతో రుద్దిన మసక. ఒక్కో తలుపూ తీరిగ్గా పైకి వెళ్ళిపోయింది, వారానికొకటి చొప్పున.

వాచ్‌మన్ నిచ్చెన దించి, కిందికి తొంగి చూశాడు. "పరుపులు పరుచుకుని మరీ దూకుతారా సార్?" అని, ఒక్కో పరుపూ పైకి లాగాడు. ఏడు. ఎర్ర దారం, రెండేసి ముడులు.

ఇంటికొచ్చాక భార్య అతని బెణికిన మడమకి కట్టు కట్టింది.

"ఎంతసేపు పడ్డావు?"

"నాలుగు వారాల మీద ఒక రోజు."

ఆమె అతని కాలరు వైపు చూసింది. ఫ్యాను తిరుగుతున్నా అది కదలడం లేదు. లేచి వెళ్ళి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది.